మా తమ్ముడి ఓడను విన్న రోజులు

మొన్న మా కోడలు ఫోన్లో మిక్సీ జారొకటి తెప్పించింది. ఇప్పుడు వస్తువుకంటే ముందు దాన్ని తెచ్చే మనిషి ఒక చుక్క అయి ఫోన్లోకి వస్తాడు కదా, ఆ చుక్క హయత్‌నగర్ నుంచి ఇటు బయలుదేరిందని నాకు చూపించి తను వంటింట్లోకి పోయింది, ఫోను నా చేతిలోనే ఉండిపోయింది. కాసేపు బుద్ధిగా నడిచిన చుక్క బొంగులూరు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఎంతకీ కదలదు. నేను కంగారుగా కోడలిని కేకేస్తే ఆ పిల్ల తొంగిచూసి, "గంత ఫికరెందుకత్తమ్మా, ఛాయ్ తాగుతున్నడేమో తియ్" అని నవ్వింది. ఆ చుక్క మళ్లీ కదిలేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. నా ఈడువాళ్లెవరైనా ఇది చదివి ముసలితనపు చాదస్తం అనుకుంటే అనుకోండి గానీ, కదలని చుక్కను చూస్తూ కూర్చున్న రోజులు నా బతుకులో కొన్ని ఉన్నాయి, వాటి సంగతి మీతో కాక ఇంకెవరితో చెప్పుకుంటాను.

మాది ఇబ్రహీంపట్నం. నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్లో, నడుమ రెండు గల్లీలంతే. పుట్టింటివాళ్లు చేపలు పట్టేవాళ్లు, పెద్ద చెరువే మాకు పొలమూ దుకాణమూ. పొద్దున్నే మా బాపు తెప్ప వేసుకుని పోతుంటే ఎక్కడికనిగానీ ఎప్పుడొస్తావనిగానీ మా అమ్మ అడిగినట్టు నాకు గుర్తులేదు. బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని అందరిళ్లలోనూ అంటారు, అడిగితే పోయిన పని కాదని, కానీ మిగతావాళ్లు నాలుక కరుచుకుని ఊరుకునేచోట మా ఇంట్లో వీపు పగిలేది. నీళ్లమీదికి పోయేవాడి దారి అడిగితే ఆ దారి నీళ్లకు తెలిసిపోతుందని మా నాయనమ్మ నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి నేను నోరుజారి అడిగేసరికి బాపు ఆ పూట చెరువుకు పోవడమే మానుకున్నాడు, ఇంటిల్లిపాదీ పచ్చిపులుసుతో సరిపెట్టుకుని ప్రతి ముద్దకూ ఒకసారి నా మొహం చూశారు. అప్పటినుంచి ఆ మాట నా నోట రాలేదు.

మా తమ్ముడు ఇంటికి ఆఖరివాడు, నాకంటే బాగా చిన్నవాడు, చంకనేసుకుని తిప్పి పెంచాను. వాడికి నడక కంటే ఈత ముందొచ్చిందని మా అమ్మ చెప్పుకునేది. కానీ వాడు చేతికందే నాటికి చెరువు ఎండిపోవడం మొదలైంది. మా కాలంలో అలుగు పారిన చెరువులో తుమ్మచెట్లు మొలిచాయి, మేకలు మేశాయి, మావాళ్లంతా తలా ఒక పనికి చెదిరిపోయారు. మావాడు మాత్రం నీళ్లు వదలలేక, ఎవరో ఏజెంటును పట్టుకుని ఏదో శిక్షణ పొంది, సరుకులు మోసే పెద్ద ఓడలో కూలీ పనికి కుదిరాడు. తాళ్లు లాగడం, తుప్పు గీకి రంగు వేయడం, లంగరు దించేటప్పుడు కాపలా ఉండడం లాంటి పనులు. పోయేరోజు మా ఇంట్లో ఎవరూ ఏ ఓడ, ఏ దేశం, ఏ కంపెనీ అని అడగలేదు. పెళ్లయినాక వాడి భార్య, అంటే మా మరదలు, అడగబోతే మా అమ్మ గుడ్లురిమింది. అట్లా ఏళ్లు గడిచాయి. వాడు నెలలకు నెలలు మాయమవడం, ఏదో ఒక రేవు నుంచి ఫోన్ చేసి మంచిగున్ననని చెప్పడం, మేం అంతటితో తృప్తి పడడం అలవాటైపోయింది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా చేరినదాన్ని. మీలో చాలామందికి ట్రంక్ కాల్ కోసం పొద్దంతా కూర్చున్న జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ కాల్ కలిపిన చెయ్యి నాలాంటిదే. తలకు హెడ్‌ఫోను, ఎదురుగా బోర్డు, ఆ వైపువాణ్ణీ ఈ వైపువాణ్ణీ తీగతో కలిపి మనం తప్పుకోవడమే పని. పుట్టుకలూ చావులూ ఎన్ని నా చెవి పక్కనుంచి పోయాయో చెప్పలేను. తరవాత మిషన్లొచ్చి బోర్డులు పోయాయి, మమ్మల్ని బల్లల ముందు కూర్చోబెట్టారు, చివరికి రిటైరై ఇంట్లో కూర్చున్నాక చెవులకు పని లేకుండా పోయింది. పని లేని ఆ చెవుల ధ్యాస తమ్ముడి మీదికి మళ్లింది. ఎక్కడున్నాడో తెలుసుకోవాలి, అడగకూడదు. కక్కలేను, మింగలేను.

ఆ రోజుల్లోనే నా నేస్తురాలొకతె, శిక్షణలో నా పక్క సీటుది, విశాఖపట్నంలో స్థిరపడిన మనిషి, ఫోన్లో ఏవో మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. వాళ్లింట్లో అద్దెకున్న రేవు ఉద్యోగి మేడమీద ఒక కడ్డీ పాతి, కంప్యూటర్లో ఓడలను చూస్తుంటాడట. పెద్ద ఓడలన్నీ ఢీకొనకుండా ఉండడానికి తమ పేరు, ఉన్న చోటు, పోయే దిక్కు, వేగం రేడియోలో వాటంతటవే చెప్పుకుంటూ పోతాయట, ఆ మాట పట్టే చిన్న రిసీవరుంటే ఎవరైనా వినొచ్చట. అడగనక్కర్లేదు, ఓడే చెపుతుంది! మా నాయనమ్మ బతికుంటే దీనికి ఏ అడ్డు చెప్పేదో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం ఇది అడగడం కిందికి రాదనిపించింది. తమ్ముడు పంపిన ఫోటోల్లో ఒకదాంట్లో వాడి వెనక తెల్ల రబ్బరు చక్రం వేలాడుతోంది, మనిషి నీళ్లలో పడితే విసిరేది. దానిమీద ఓడ పేరు రాసి ఉంది. పెద్దది చేసుకుని అక్షరమక్షరం కూడబలుక్కున్నాను.

ఇక ఆగలేదు. పెన్‌డ్రైవంత రిసీవరు తెప్పించాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు, నీళ్ల పైపుకు అల్యూమినియం కడ్డీలు బిగించి మా డాబా మీద ట్యాంకు పక్కన నిలబెట్టాడు. నిలబెడుతూనే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది నీ ముచ్చట. ఇబ్రహీంపట్నంల సముద్రం ఏడున్నదే?" అన్నాడు. చుట్టుపక్కలవాళ్లు అది కొత్తరకం టీవీ అనుకున్నారు. ఒకావిడైతే అందులో సీరియళ్లు ఫ్రీగా వస్తాయా అని అడిగిపోయింది. నేను పాత అలవాటుకొద్దీ తలకు హెడ్‌ఫోను పెట్టుకుని వారాల తరబడి కూర్చున్నాను. ఓడలు రాలేదు. అటూ ఇటూ తిప్పుతుంటే నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే పిల్లలు మాత్రం వినిపించారు, దిగనా వద్దా అని పైనుంచి అడుగుతుంటే కిందివాళ్లు ఆగమనడం. ఓడల కోసం కూర్చుంటే విమానాలు దొరికాయని మా ఆయన ఊరంతా చాటాడు.

తప్పు ఎక్కడుందో తరవాత తెలిసింది. ఆ రకం రేడియో మాట కనుచూపు దూరమే పోతుంది, కొంచెం ఎత్తునుంటే ఇంకొంచెం, అంతే. మనకూ సముద్రానికీ మధ్య ఎన్ని జిల్లాలున్నాయి! జీవితమంతా దేశం ఆ చివరికీ ఈ చివరికీ మాట కలిపినదాన్ని, ఈ చిన్న సంగతి ముందే తోచనందుకు నా మీద నాకే కోపమొచ్చి రెండు రోజులు ఆ కడ్డీ వైపు చూడలేదు. మూడోనాడు దాన్ని విప్పించి, గోనెసంచిలో చుట్టించి, మా ఆయనను వెంటబెట్టుకుని విశాఖ రైలెక్కాను.

నేస్తురాలి ఇల్లు గుట్టవాలున ఉంటుంది, మేడెక్కితే సముద్రం కళ్లనిండా. నన్ను చూసి సంబరపడ్డదే గానీ గోనెసంచి చూసి, "ఒసేయ్, నాకు చీరేమైనా తెస్తావనుకుంటే ఇనప కడ్డీలు మోసుకొచ్చావేంటే!" అని దీర్ఘం తీసింది. ఆమె ఇంట్లో అద్దెకున్నాయన అప్పటికి బదిలీ మీద పోయాడు, ఆయన పాతిన చోటే మాదీ పాతాం. తీగ కలిపి కంప్యూటర్ తెరిచిన కాసేపటికే తెరమీద నీలిరంగులో ఓడ ముక్కులాంటి ఒక గుర్తు, దాని పక్కన ఒక పేరు, ఎటు పోతోంది, ఎంత వేగం, అన్నీ వచ్చాయి. కళ్లెత్తి చూస్తే నిజంగానే అక్కడ ఒక ఓడ రేవులోకి తిరుగుతోంది. మేమిద్దరం ముసలమ్మలం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గెంతితే మేడ అదురుతుందని మా ఆయన భయపడ్డాడు. బోర్డు మీద మొదటిసారి లైను కలిపిన రోజు కూడా నాకంత సంతోషం లేదు.

ఈ సరదాలో ఒక మంచి పద్ధతుంది, అది చెప్పాలి. లోకమంతా తీరాల వెంబడి మాలాంటివాళ్లు రిసీవర్లు పెట్టుకుని, వినేదంతా ఒక చోట పోస్తారు. నీ తీరం నువ్వు విని పంచితే మిగతావాళ్లు విన్నది నీకూ చూపిస్తారు. మన ఊళ్లలో నాట్లప్పుడు నువ్వు నా మడికి వస్తే నేను నీ మడికి వస్తానని బదులు పోతారు చూడండి, సరిగ్గా అట్లాగే. నేస్తురాలి మేడ వినిపెట్టినందుకు నేను ఇబ్రహీంపట్నంలో మా వరండాలో కూర్చుని ప్రపంచంలో ఏ రేవులోకైనా తొంగిచూడగలిగాను. పొద్దున ఛాయ్ పెట్టుకుని మొదట తమ్ముడి ఓడ పేరు కొట్టడం, అది నడుస్తోందని చూసుకున్నాకే గ్లాసు నోటికి పెట్టడం నాకు అలవాటైంది. వాడు ఓడ మారినప్పుడల్లా కొత్త ఫోటోలో ఆ రబ్బరు చక్రం కోసం వెతుక్కునేదాన్ని, లేకపోతే "ఒక మంచి ఫోటో పంపురా, వెనక మొత్తం కనపడేటట్టు" అని అడిగేదాన్ని. అక్కకు తన మీద ఎంత ప్రేమో అనుకునేవాడు పాపం.

వాడికి చెప్పలేదు. మరదలికి మాత్రం చెప్పాను. మొదట భయపడ్డది, మా అమ్మ పోయి అప్పటికి చాలా రోజులైనా ఆమె గుడ్లురిమినట్టే అటూ ఇటూ చూసింది. కానీ ఒకసారి రుచి మరిగాక రోజూ సాయంత్రం పనులన్నీ ముగించుకుని మా ఇంటికొచ్చి గడపలోనే, "కదిలిందా వదినా?" అనేది. నీళ్లమీద ఉన్నవాడికి తెలియకుండా అతని దారి చూడడం తప్పు కాదని, అతనికి తెలిస్తేనే దోషమని మా ఇద్దరికి మేమే ఒక శాస్త్రం రాసుకున్నాం. అందుకే ఫోన్లో వాడు మాట్లాడేటప్పుడు మేం అమాయకంగా ఊఁ కొట్టేవాళ్లం. ఒకసారి వాడి ఓడ విశాఖ తీరం వెంట పోతోంది, మా సొంత కడ్డీ దాన్ని పట్టింది, ఎవరో విన్నది కాదు, మేం విన్నది. నేస్తురాలికి ఫోన్ చేసి మేడెక్కమన్నాను. పాపం ఆమె మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, ఓడ కంటికి ఆననంత దూరంలో ఉన్నా తన పసుప్పచ్చ తువ్వాలు తీసి చేతులు నొప్పి పుట్టేదాకా ఊపిందట. "మీ తమ్ముడికి కనపడితే కనపడ్డట్టు, లేకపోతే సముద్రుడికి దండం పెట్టినట్టు" అన్నది. ఇట్లాంటి మనుషులు దొరకడం మన అదృష్టం.

ఆ మరుసటి ఏడాది వాడెక్కిన ఓడ పాతది. గల్ఫులో ఒక రేవు బయట, ఒడ్డుకు బాగా దూరంగా లంగరు వేసింది. ఓడలు వంతు కోసం ఆగడం మామూలే కాబట్టి మొదట పట్టించుకోలేదు. లంగరు మీదున్న ఓడ కూడా అప్పుడప్పుడూ తన పేరు చెపుతూనే ఉంటుంది, గాలికీ పోటుకీ లంగరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, తెరమీద దాని జాడ అదే చోట చుట్టలు చుట్టుకుంటుంది. చుట్ట మీద చుట్ట పడి చివరికి అక్కడ నల్లగా ముద్దలా తయారైంది. పక్కన ఆగినవన్నీ ఒక్కొక్కటే లోపలికి పోయి సరుకు దించుకుని వెళ్లిపోయాయి. మాది పోలేదు. మరదలు గడపలో నిలబడి అడగడం, నేను తల అడ్డంగా ఊపడం, ఆమె లోపలికి రాకుండానే వెనుదిరగడం నిత్యకృత్యమైంది.

తమ్ముడు మొదట్లో రెండుసార్లు ఫోన్ చేశాడు. మాట తెగిపోతూ వచ్చింది. ఓడ యజమాని చేతులెత్తేశాడని, జీతాలు ఆగాయని, అయినా వాళ్లను దిగనియ్యరని, ఓడను ఖాళీగా వదిలిపెట్టకూడదనేది అక్కడి నియమమని చెప్పాడు. "ఏం కాదక్కా, జర లేటయితది గంతే. ఆమెకు చెప్పకు" అన్నాడు. ఆమె నా పక్కనే నిలబడి వింటోంది. ఆ తరవాత ఫోన్ రాలేదు. మనిషి ఎక్కడున్నాడో, ఆ సమయంలో ఓడ ముక్కు ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా నాకు తెలుసు, కానీ ఒక్క మాట అటు పంపే దారి లేదు. జీవితమంతా లైన్లు కలిపిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా రిసీవరు వినడానికే గాని పలకడానికి కాదు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, "ఓడ కదుల్తున్నదమ్మా, రేపో మాపో రేవుల వడ్తది, ఫికర్ చెయ్యకు" అనేవాడు. అబద్ధమని నాకు తెలుసు, కళ్లముందు తెరమీద కనిపిస్తోంది, కదలలేదయ్యా అని అరిచాను కూడా. నీకెట్ల తెలుసని అడిగాడు. చెప్పాను. "అన్ని తెలిస్తె నాకెందుకు ఫోన్ చేస్తున్నవమ్మా?" అని పెట్టేశాడు. నిజమే మరి, తెలిస్తే ఏమైంది? మరదలినీ మా ఆయననూ తీసుకుని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో. ఓడ మీద ఎగిరే జెండా ఒక దేశానిది, యజమాని ఇంకో దేశంవాడు, ఆగింది మరో దేశపు నీళ్లలో, అందులో చిక్కినవాడు మా ఇబ్రహీంపట్నంవాడు, ఎవరినడిగినా పక్కవాడి పేరు చెప్పేవారే. ఒక ఆఫీసులో మంచి మనిషి ఒకాయన మాత్రం కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మొత్తం విని, "అమ్మా, మీకు తెలిసినంత మాకు తెల్వదు" అన్నాడు. ఆయన సానుభూతితోనే అన్నాడు, నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

తరవాత ఒకనాడు పొద్దున ఛాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఓడ పేరు కొడితే రాలేదు. చుట్టుపక్కల ఓడలన్నీ ఉన్నాయి, ఆ నల్లటి ముద్ద మీద మాత్రం ఖాళీ. సాయంత్రం దాకా చూశాను, కొత్తగా పలికిన జాడ లేదు. డీజిల్ అయిపోయి జనరేటరు ఆగితే రేడియో కూడా ఆగుతుందని నాకు తెలుసు, ఓడ మునిగినా అట్లాగే ఆగుతుందని కూడా తెలుసు. మరదలు గడపలోకొచ్చి అడిగింది. కనపడట్లేదని చెప్పాను. ఆమె అక్కడే కూలబడింది. నాకు లేపాలన్న ఆలోచన కూడా రాలేదు, మా ఆయన వచ్చి ఆమె మొహాన నీళ్లు చల్లాడు.

అప్పుడు నాకొకటి తోచింది. ఆ రేవు దగ్గర ఓడల మాట విని మాకు పంచిపెట్టేవాడు ఒకడు ఉండాలి కదా, అతనెవరు? వెతికి, మా మనవరాలి చేత ఇంగ్లీషులో రాయించి కబురు పెట్టాను. జవాబు వచ్చింది. అతను మలయాళీ, ఆ రేవులో చిన్న పడవల ఇంజన్లు బాగుచేసే పని, ఉండే గది పైకప్పు మీద రిసీవరు పెట్టుకున్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి, అమ్మా అని సంబోధించి, దగ్గరికి పోనివ్వరు గానీ పనిమీద పడవలో అటు పోయినప్పుడు చూసి చెపుతానని మాటిచ్చాడు. ఇచ్చినట్టే ఒకరోజు ఫోటో పంపాడు. చాలా దూరం నుంచి తీసింది, పొగమంచు పట్టినట్టు మసకగా ఉంది, అయినా ఓడ నిలబడే ఉంది. ముందువైపు రేలింగు పొడుగునా చొక్కాలు, దుప్పట్లు, తువ్వాళ్లు వరసగా ఉన్నాయి.

మరదలు నా భుజం మీదినుంచి చూసి ఒక్కసారి కేక వేసింది. "గా ఎర్రగళ్ల అంగి నేనే కొన్న వదినా! దిల్‌సుఖ్‌నగర్‌ల! అంగీలు పిండి ఆరేసుకున్నరంటె నీళ్లకు కొదువ లేనట్టే. నీళ్లుంటె ఇంకేం, మనిషి బతుకుతడు." మా ఊరి సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. చెరువెండి, బోర్లెండి, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న ఆడవాళ్లం మేం, ఆ ఏళ్లలో ఎవరి దండెం మీద దుప్పట్లు కనబడితే వాళ్లింటికి నీళ్లొచ్చాయని లెక్క. ముందు తాగడానికి, తరవాత వంటకు, మిగిలితేనే గదా ఉతుకు. నాకు కూడా ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజమనిపించింది. ఇద్దరం కావలించుకుని ఏడ్చాం. ఆ రాత్రి ఎన్నాళ్లకో ఆమె కడుపునిండా తిన్నది, నేనే వడ్డించాను. మలయాళీ అబ్బాయికి నూరేళ్లు వర్ధిల్లమని దీవెన రాయించాను. మర్నాడు మళ్లీ ఆఫీసుకు పోవాల్సి ఉండె, ఎలాగూ మంచిగున్నారు కదా, ఎండ తగ్గాక పోదామనుకున్నాం.

ఏ కోర్టులో ఏం తేలిందో, ఎవరు ఎవరితో మాట్లాడారో మాకు ఇప్పటికీ తెలియదు. ఎండాకాలం పోయి వానలు మొదలైనాక ఒకరోజు ఢిల్లీ నుంచి ఎవరిదో నంబరుతో ఫోన్ వచ్చింది, వాణ్ణి విమానం ఎక్కిస్తున్నారని. నేను పడిన పాట్లలో ఒక్కటైనా అందుకు పనికొచ్చిందో లేదో తెలియదు, రాలేదనే అనుకుంటాను. శంషాబాదులో దిగినవాణ్ణి చూసి మా మరదలు వెంటనే పోల్చుకోలేదు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం నెరిసి, పెదాలు పగిలి, మా బాపు చివరి రోజుల్లో ఎట్లా ఉండేవాడో అట్లా ఉన్నాడు. ఇంటికొచ్చి కొన్నాళ్లు బిందె పక్కనే కూర్చునేవాడు. దాహం లేకపోయినా గ్లాసు ముంచుకుని చేతిలో పట్టుకునేవాడు.

కోలుకున్నాక ఒక సాయంత్రం మా వరండాలో అందరం కూర్చుని ఉండగా ఇక దాచడం ఎందుకని, ఇన్నేళ్లూ వాడి ఓడలను నేను చూస్తూ వచ్చిన సంగతి చెప్పాను. వాడు కోప్పడతాడేమో అనుకున్నాను. "మేమాడున్నట్టు లోకంల ఎవ్వరికి యాదికి లేదనుకున్నమక్కా" అన్నాడు. "ఎవ్వరన్న చూస్తున్నరని తెలిస్తె ఇంకోతీరుగ ఉంటుండె." ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చి, చూశామురా, రోజూ చూశాం, ఇదిగో చూడు, నీ చొక్కా కూడా గుర్తుపట్టింది నీ పెళ్లాం అని ఫోను తెరిచి ఆ ఫోటో చేతికిచ్చాను. నీళ్లకైనా కొరత లేదని ఊపిరి పీల్చుకున్నాం అన్నాను.

వాడు ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "నీళ్లా?" అన్నాడు. "నీళ్లొడిసినంకనే అంగీలు కట్టినమక్కా. తాగెతందుకే లెవ్వు, ఇంక ఉతుకుడేంది? రేవోళ్లకు చెప్పి చెప్పి రేడియో బ్యాటరీ పాయె. పొయ్యే పడవలకు కనవడాలె, ఒక్కడన్న ఆగి ఏమైందని అడగాలె అని, ఉన్న బట్టలన్ని కడ్డీలకు కట్టినం." ఫోటోలో రేలింగు మీద వేలు పెట్టి అన్నాడు, "ఒక్క చిన్న పడవ ఆగింది. జర దూరంల. మేమందరం మీదికురికి చేతులూపినం, ఒర్రినం. గాడు ఫోటో తీస్కొని ఎల్లిపోయిండు."

మరదలు లేచి లోపలికి పోయింది. ఆ పడవను పంపింది నేనని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఫోటో నా ఫోన్లోనే ఉంది. వాడే నా చెయ్యి పట్టుకుని, "పోనియ్యక్కా, గంత దూరం నుంచి నువ్వు మాత్రం ఏం చేస్తవ్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు చెరువు నిండింది. వానలు కరుణించి ఇన్నేళ్లకు మళ్లీ అలుగు పారితే తమ్ముడు పాత తెప్ప బాగుచేసుకుని పొద్దున్నే పోతున్నాడు, ఓడల ఊసెత్తడు. నేస్తురాలి మేడ ముందర పెద్ద అపార్టుమెంటు లేచి సముద్రాన్ని మింగేసింది, మా కడ్డీకి ఏమీ వినిపించక విప్పించేశాం. ఈ సరదాకు మా కడ్డీలతో ఇప్పుడు అంత పని కూడా లేదట, నడిసముద్రంలో ఉన్న ఓడ మాటను పైనుంచి ఉపగ్రహాలే వింటున్నాయట. మంచిదే. మన కాలంలో కబురు తెలియక ఏడ్చేవాళ్లం, తంతి ఎప్పుడొస్తుందో, ఫోన్ ఎప్పుడు కలుస్తుందో అని గుండె పట్టుకుని కూర్చునేవాళ్లం. వచ్చిన కబురు ఎంత ఆలస్యమైనా ఒక మనిషి నోటి నుంచి వచ్చేది, గొంతు విని సగం తెలుసుకునేవాళ్లం, తెలియనిది తిరిగి అడిగేవాళ్లం. ఇప్పుడు కళ్లకు అన్నీ ఇచ్చారు, అడిగే వీలే లేదు. చూసినదానికి మనకు తోచిన అర్థం చెప్పుకుని, మనకు మనమే ధైర్యం చెప్పుకుని, పోయి అన్నం తింటాం.

ఆ ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. తీసేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను, చెయ్యి రాదు. ఆ బట్టల వెనక మనుషులున్నారని, అరుస్తున్నారని, అందులో నా తమ్ముడున్నాడని ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి అప్పుడప్పుడూ కళ్లద్దాలు తుడుచుకుని వాళ్ల కోసం వెతుకుతాను. ఫోటోను వేళ్లతో లాగి పెద్దది చేస్తాను, ఇంకా పెద్దది చేస్తాను. ఎంత లాగినా ఆ మసకే పెద్దదవుతుంది గాని, ఒక్క చెయ్యి కూడా కనపడదు.